అందరూ అడిగే ఫీచర్లు ఎందుకు ఆలస్యమవుతాయి? వీఎల్‌సీ, ఆడాసిటీ, జెల్లీఫిన్‌లను ముందు పెట్టుకుని ఒక చర్చ

అభినయ

వీఎల్‌సీ అనే వీడియో ప్లేయరులో వీడియోను ఒక్కొక్క ఫ్రేము చొప్పున ముందుకు జరపడానికి 'ఈ' మీట ఎప్పటి నుంచో ఉంది. వెనక్కి జరపడానికి మాత్రం 3.0 శ్రేణిలో ఏ మీటా లేదు. కూచిపూడి నేర్పేవారికి ఇది చిన్న లోటు కాదు. విద్యార్థి జతి ముగించేటప్పుడు మడమ నేలను తాకడమూ చేయి ముద్రలోకి రావడమూ ఒకే క్షణంలో జరిగాయా లేదా అని చూడాలంటే, ఆ చోటు దాటిపోగానే ఒక్క ఫ్రేము వెనక్కి రాగలగాలి. షిఫ్టుతో ఎడమ బాణం నొక్కితే మూడు సెకన్లు వెనక్కి పోతుంది, అక్కడి నుంచి మళ్లీ 'ఈ' నొక్కుకుంటూ రావాలి, ఈలోగా పిల్లల దృష్టి మరలిపోతుంది.

ఈ కోరిక నా ఒక్కదానిదే కాదు. ఆటల శిక్షకులు, యానిమేషన్ చేసేవారు, వీడియోలను పరిశీలించి వాస్తవాలు నిర్ధారించే పాత్రికేయులు ఏళ్ల తరబడి ఇదే అడుగుతున్నారు. ఇంతమంది అడిగినది పక్కన ఉండిపోతూ, మాబోటివాళ్లం పేరు కూడా విననివి ప్రతి విడుదలలోనూ ఎలా చేరుతున్నాయి? కోడు అందరికీ తెరిచి ఉండే ఓపెన్ సోర్స్ మీడియా సాఫ్ట్‌వేర్‌లో ఏది ముందు, ఏది వెనుక అన్నది ఎవరు, ఏ ప్రాతిపదికన తేలుస్తారు? తప్పు పట్టడానికి అడగడం లేదు. లోపలి సంగతి తెలిసినవారు చెబితే, ఇకపై ఏది ఎలా అడగాలో తెలుస్తుందని అడుగుతున్నాను.

సీ_భాషి

అభినయ గారూ, మీరు ఎంచుకున్న ఉదాహరణ చాలా మంచిది, ఎందుకంటే బయటి నుంచి చూస్తే ఇంతకంటే తేలికైన కోరిక ఉండదు, లోపలి నుంచి చూస్తే ఇంతకంటే చిక్కైనవి తక్కువ.

వీడియో ఫైలులో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మ ఉంటుంది, దాన్ని కీఫ్రేము అంటారు. దాని తరువాతివి చాలావరకు 'ముందున్న బొమ్మలో ఫలానా ముక్క ఇటు జరిగింది' అన్న లెక్కలు మాత్రమే. కొన్ని ఫ్రేములైతే తమకు ముందున్నవాటి మీదే కాక తరువాత రాబోయేవాటి మీద కూడా ఆధారపడతాయి. కాబట్టి ముందుకు పోవడమంటే, ఈ లెక్కలను విప్పి బొమ్మలుగా మార్చే డీకోడరు ఎలాగూ చేస్తున్న పనిని ఒక అడుగు సాగనివ్వడమే. వెనక్కి రావడమంటే వెనకటి కీఫ్రేము దాకా పోయి, అక్కడి నుంచి అన్ని ఫ్రేములనూ మళ్లీ విప్పుకుంటూ వచ్చి, ఇప్పుడు కనిపిస్తున్నదానికి సరిగ్గా ఒకటి ముందు ఆగడం. వీడియోను కుదించి ఫైలుగా చేసే ఎక్స్264 ఎన్‌కోడరు మనం ఏమీ చెప్పకపోతే రెండు కీఫ్రేముల మధ్య 250 ఫ్రేముల దాకా దూరం ఉండనిస్తుంది. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో అది పది సెకన్లు. అంటే మీరు ఒక్కసారి మీట నొక్కితే, అదృష్టం బాగాలేనప్పుడు, దాదాపు రెండువందల యాభై ఫ్రేముల పని.

విప్పినవాటిని జ్ఞాపకంలో దాచుకోవచ్చు కదా అని అడగవచ్చు. మామూలు 1080 వీడియోలో విప్పిన ఒక్కో ఫ్రేము దాదాపు 3.1 మెగాబైట్లు. 250 దాచితే 780 మెగాబైట్లకు దగ్గర. 4కే, పది బిట్ల వీడియో అయితే ఒక్కో ఫ్రేమే 25 మెగాబైట్ల దగ్గర ఉంటుంది. ఇవన్నీ సాధారణంగా గ్రాఫిక్స్ కార్డు జ్ఞాపకంలో ఉంటాయి, అక్కడ హార్డ్‌వేర్ డీకోడరుకు కేటాయించే ఫ్రేములు కొద్దిపాటివే.

వీఎల్‌సీకి మరో చిక్కు దాని పుట్టుకలోనే ఉంది. 1996లో పారిస్ దగ్గరి ఎకోల్ సాంత్రాల్ విద్యార్థులు క్యాంపస్ నెట్‌వర్కు మీద వీడియో ప్రసారం చేయడానికి మొదలుపెట్టిన పని అది. వచ్చే ప్రవాహాన్ని వచ్చినట్టు చూపడం దాని మూల స్వభావం. ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక (ఇండెక్సు) లేని ప్రసారపు ఫైలు, సగం దిగిన ఫైలు, ప్రత్యక్ష ప్రసారం, ఏది ఇచ్చినా ఆడిస్తుందన్న పేరు అలా వచ్చినదే. అటువంటి నిర్మాణంలో 'సరిగ్గా ఒక్క ఫ్రేము వెనక్కి' అన్నది బొత్తాము చేర్చే పని కాదు. గడియారాన్ని, డీకోడర్లను, తెరకు పంపే భాగాన్ని కలిపి తిరగరాయాలి. రాబోయే 4.0 సంచిక కోసం ఏళ్లుగా సాగుతున్నది ముఖ్యంగా ఆ తిరగరాతే. మీరు 'పేరు కూడా విననివి' అన్నవాటిలో చాలాభాగం ఇలాంటి పునాది పనులే.

నెల్లూరు_నుంచి

సీ_భాషి గారి వివరణ బాగుంది, కానీ సగమే ఒప్పుకుంటాను. ఎంపీవీ అనే ప్లేయరు కూడా ఓపెన్ సోర్సే, అదీ అవే ఫైళ్లను ఆడిస్తుంది. అందులో ఫుల్‌స్టాపు మీట నొక్కితే ఒక ఫ్రేము ముందుకు, కామా నొక్కితే ఒక ఫ్రేము వెనక్కి పోతుంది. సాంకేతికంగా అసాధ్యమైతే అక్కడ ఎలా సాధ్యమైంది? కష్టం అనడం వేరు, చేయదలచుకోలేదు అనడం వేరు. రెండోది చెప్పవలసిన చోట మొదటిది చెబుతారనే వాడుకరులకు కోపం వస్తుంది.

సీ_భాషి

అసాధ్యమని నేను అనలేదు. ఎంపీవీ సంగతి మీరు ఎత్తడం మేలయింది, ఎందుకంటే అక్కడ కనిపించేది సాంకేతికతలో తేడా కన్నా నిర్ణయంలో తేడా. ఎంపీవీ వివరణ పత్రంలోనే ఈ ఆదేశం చాలా నెమ్మదిగా ఉండవచ్చనీ, ఒక్కోసారి అనుకున్నట్టు పనిచేయదనీ రాసి పెట్టారు. దాని వాడుకరులు మీటలను సెట్టింగుల ఫైలులో తామే రాసుకునేవారు, పత్రం చదివేవారు, కాబట్టి ఆ షరతుతో ఇవ్వడం చెల్లింది. కోట్లాది మంది వాడే, ఎవరూ పత్రం చదవని ప్లేయరులో అదే బొత్తాము కొన్ని ఫైళ్లలో పనిచేసి, కొన్నింటిలో రెండు సెకన్లు బిగుసుకుని, కొన్నింటిలో తప్పు ఫ్రేము దగ్గర ఆగితే, 'ఫీచరు కావాలి' అన్న ఒక్క కోరిక పోయి 'ఫీచరు పాడైంది' అన్న వంద ఫిర్యాదులు వస్తాయి. అందువల్ల ఆపారని నా అంచనా. ఆ అంచనాను డెవలపర్లు తమ నోటితో సూటిగా చెప్పి ఉంటే బాగుండేదన్న మీ మాటతో మాత్రం ఏకీభవిస్తాను.

కోడుతో సంబంధమే లేని కారణాలూ ఉంటాయి. ఐఫోనులో వీఎల్‌సీ 2011 జనవరిలో ఆపిల్ దుకాణం నుంచి తొలగిపోయింది. వీఎల్‌సీ అప్పటి లైసెన్సు అయిన జీపీఎల్ షరతులకూ ఆ దుకాణం షరతులకూ పొసగదని కోడు రాసినవారిలోనే ఒకరు అభ్యంతరం చెప్పారు. తిరిగి వచ్చింది 2013 జూలైలో. ఈ మధ్యకాలంలో జరిగిన పెద్ద పని ప్రోగ్రామింగు కాదు, లైసెన్సు మార్పు: ఇంజనులో ఎన్నేళ్ల నాటి పంక్తి ఎవరు రాశారో వెతికి, వారిని పట్టుకుని, మరికాస్త సడలింపు ఉన్న ఎల్‌జీపీఎల్‌కు మార్చడానికి అనుమతి అడగడం. ఆ కాలంలో 'ఐఫోనుకు మళ్లీ ఎప్పుడు?' అని అడిగినవారికి ఏ డెవలపరు ఏ తేదీ చెప్పగలడు?

పాతటేపు

నేను మా నాన్నగారి కాలం నాటి హరికథల క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించుకుంటూ, శబ్దాన్ని రికార్డు చేసి సరిదిద్దే ఆడాసిటీ వాడుతుంటాను, కనుక శబ్దం వైపు సంగతి చెబుతాను.

ఆడాసిటీ 2000లో విడుదలైంది, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. వింటూ వింటూనే ఎఫెక్టును (శబ్దానికి చేసే మార్పును) సరిచేసుకునే సౌకర్యం కావాలని వాడుకరులు ఎన్నో ఏళ్లు అడిగారు. పాత పద్ధతిలో ఎఫెక్టు వేస్తే అది అసలు శబ్దాన్నే మార్చేసేది. నచ్చకపోతే వెనక్కి తీసుకుని, అంకె మార్చి, మళ్లీ వేసి, మళ్లీ వినాలి. వికీలో కోరికల పట్టిక ఉండేది, ఒక్కొక్క కోరిక పక్కన దాన్ని ఎందరు అడిగారో కూడా రాసేవారు. పట్టిక పెరిగింది తప్ప పెద్ద కోరికలు తీరలేదు, ఎందుకంటే పనిచేసేవారు కొద్దిమంది స్వచ్ఛంద సేవకులు, పైగా అసలు శబ్దాన్ని మార్చడం అన్నదాని మీదే ప్రోగ్రాము మొత్తం కట్టి ఉంది.

2021 ఏప్రిల్‌లో మ్యూస్ గ్రూప్ అనే సంస్థ ఆడాసిటీని తీసుకుంది. జీతం మీద పూర్తికాలం పనిచేసే ప్రోగ్రామర్లు, డిజైనర్లు వచ్చారు. 2022 సెప్టెంబరులో 3.2 సంచికతో ఆ పాత కోరిక తీరింది. ఓట్ల పట్టిక ఇరవై ఏళ్లలో కదిలించలేనిదాన్ని జీతాలు ఏడాదిన్నరలో కదిలించాయన్నది నాకు అంత సంతోషం కలిగించే సంగతి కాదు గానీ, జరిగింది మాత్రం అదే.

అయితే దానికి ముందు జరిగినదీ చెప్పాలి. 2021 మే నెలలో, ఎవరు ఏ సౌకర్యం ఎంత వాడుతున్నారో తెలుసుకోవడానికి గూగుల్, యాండెక్స్ సేవల ద్వారా వాడకపు సమాచారం సేకరిస్తామని కొత్త యాజమాన్యం ప్రతిపాదించింది. పెద్ద దుమారం రేగి ప్రతిపాదన వెనక్కి పోయింది. జూలైలో గోప్యతా ప్రకటన మీద మరోసారి రగడ జరిగి అదే కోడుతో విడిగా నడిచే టెనాసిటీ వంటి చీలికలు పుట్టాయి. ఆ సేకరణకు నేనూ వ్యతిరేకినే. కానీ మనకు ఏం కావాలో వాళ్లకు తెలియాలంటాము, మనం ఏం చేస్తున్నామో చూడవద్దంటాము. వీఎల్‌సీ అసలే ఏమీ సేకరించదు, దాని డెవలపర్లకు వాడుకరి కనిపించేది ఫిర్యాదు రాసినప్పుడే. అలాంటప్పుడు గొంతు పెద్దదైనవాడి కోరికకూ నిజంగా ఎక్కువమందికి కావలసినదానికీ తేడా వాళ్లు ఎలా పట్టాలి?

ఇంకొక్క మాట. క్యాసెట్ల వాళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైనది హుస్సుమనే రొద తగ్గించడం. రొద మాత్రమే ఉన్న చిన్న ముక్కను ఎంచుకుని, దాని నమూనాను ముందు పట్టించి, తరువాత మొత్తం ట్రాకుకు వేయాలి. రెండు దశల పని కాబట్టి వింటూ సరిచేసే ఎఫెక్టుల వరుసలోకి అది రాలేదు. ఎదురుచూసిన ఫీచరు వచ్చింది, నా పని మాత్రం పాత పద్ధతిలోనే సాగుతోంది.

ఇంటి_సర్వర్

పాతటేపు గారు ఓట్ల పట్టిక గురించి రాశారు కాబట్టి ఇంట్లోని వీడియోలను ఇతర పరికరాలకు పంపే జెల్లీఫిన్ గురించి రెండు మాటలు. ఎంబీ అనే మీడియా సర్వరు తన కోడును మూసివేసినప్పుడు 2018 డిసెంబరులో దాని నుంచి విడిపోయి వచ్చింది ఇది. కోరికలకు ప్రత్యేకంగా ఓట్ల సైటు పెట్టారు. నేను అందులో తరచు చూస్తుంటాను, కొన్నింటికి ఓటూ వేశాను. ఓటు పడినంత మాత్రాన ఎవరూ ఆ పని చేపట్టవలసిన బాధ్యత లేదని మొదట్లో అర్థం కాలేదు గానీ, ఆలోచిస్తే అంతకన్నా ఏముంటుంది? జీతమివ్వని చోట పని అప్పగించే అధికారం ఎవరికీ ఉండదు. చేసేవాడికి ఏది చేయబుద్ధి అయితే అది అవుతుంది, అందులో మన పని కలిస్తే మన అదృష్టం.

మంచి కోరికలు తీరే దారి ఒకటి గమనించాను. వీడియో కింది పట్టీ మీద మౌసు ఆనిస్తే ఆ చోటి చిన్న బొమ్మ కనిపించే సౌకర్యం ఉంది కదా, అది మొదట బయటివారు రాసిన, అదనంగా తగిలించుకునే ప్లగిన్‌గా వచ్చింది. చాలామంది వాడారు, లోపాలు బయటపడ్డాయి, చివరకు 2024 మే నెలలో 10.9 సంచికలో ప్రధాన కోడులోకే చేరింది. అంతకుముందు సంచిక 10.8 వచ్చింది 2022 జూన్‌లో. ఆ రెండేళ్లూ 'ప్రాజెక్టు ఆగిపోయిందా?' అన్న ప్రశ్నలే. లోపల జరుగుతున్నది ఎంబీ నుంచి వచ్చిన పాత కోడును శుభ్రం చేయడం. అది చేయకపోతే తరువాతివేవీ నిలవవు, చేసినందుకు ఎవరూ అభినందించరు.

ప్లగిన్ల దారికీ ఖర్చు ఉంది. కోడి అనే మీడియా ప్లేయరు 2021లో 19వ సంచికతో పైథాన్ 3 భాషకు మారినప్పుడు పైథాన్ 2లో రాసిన పాత యాడాన్లు (ప్లగిన్లు) తిరగరాస్తే తప్ప పనిచేయలేదు. వీడియో రికార్డింగుకూ ప్రసారానికీ వాడే ఓబీఎస్ 2022లో 28వ సంచికకు, కిటికీలూ బొత్తాములూ గీసే క్యూటీ 6 మీదికి మారినప్పుడూ ప్లగిన్లకు అదే గతి పట్టింది. అందుకే ప్లగిన్లు ఎక్కువగా ఉన్న ప్రాజెక్టులో లోపలి మార్పులకు డెవలపర్లు వెనకాడతారు, మార్చిన రోజున తిట్లు తింటారు.

నిర్వాహక బృందం

కోడి గురించిన ప్రస్తావన చూసి, దొంగ ప్రసారాల యాడాన్లకు సహాయం కోరుతూ వచ్చిన రెండు టపాలను తొలగించాము. కోడి వారి సొంత వేదికలో కూడా వాటికి చోటు లేదు. చర్చను కోరికలూ ప్రాధాన్యాల మీదనే కొనసాగించగలరు.

ఒత్తులు_దీర్ఘాలు

ఇప్పటిదాకా రాసినవారంతా డెవలపర్ల పరిమితులను చక్కగా వివరించారు. నేను ఎదుటి పక్షం వినిపించదలచుకున్నాను, ఎందుకంటే 'వాళ్లు స్వచ్ఛందంగా చేస్తున్నారు' అన్న మాట వెనుక ఒక ప్రశ్న దాగిపోతోంది: ఆ స్వచ్ఛంద సేవకులు ఎవరు?

తమకు కావలసినదే తాము చేసుకుంటారన్నది నిజమైతే, ప్రాధాన్యాలు వారి ఇళ్లలో ఏముందో దాన్నిబట్టి ఉంటాయి. ఈ ప్రాజెక్టులలో పనిచేసేవారు ఎక్కువగా యూరపు, ఉత్తర అమెరికాల నుంచి వచ్చినవారు. వారి ఉపశీర్షికలు లాటిన్ లిపిలో ఉంటాయి. అక్కడ అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ పోతే చాలా వరకు సరిపోతుంది. మన లిపికి అది చాలదు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం చూడండి. యూనికోడులో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఈ ఆరింటినీ కలిపి చదివి, త ఒత్తును, ర ఒత్తును, గుడిని ఎక్కడ కూర్చోబెట్టాలో ఫాంటును అడిగి తెలుసుకునే పని హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీ (సిద్ధంగా దొరికే కోడు) చేస్తుంది. ప్లేయరు దాన్ని పిలవకపోతే పొల్లులు విడివిడిగా తేలి, ఒత్తులు పక్కన పడి, చదవడానికి వీల్లేని వరుస ఒకటి తెర మీద కనిపిస్తుంది. ఏఎస్ఎస్ రకం ఉపశీర్షికలను గీసే లిబాస్ అనే లైబ్రరీ హార్ఫ్‌బజ్‌ను వాడుతుంది కాబట్టి ఆ దారిలో మనకు ఇబ్బంది తగ్గింది. మన తెలుగువారిలో ఏ ఒక్కరో ఓటు వేసినందుకు కాదు, అరబ్బీ తదితర లిపుల వారు దానికోసం ముందు నుంచీ పనిచేసినందుకు.

చిన్న చిన్న చోట్ల మాత్రం ఇంకా తగులుతూనే ఉంటుంది. జెల్లీఫిన్‌లో ఏఎస్ఎస్ ఉపశీర్షికలకు తెలుగు ఫాంటు దొరక్కపోతే అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి. ప్రత్యామ్నాయ ఫాంట్ల ఫోల్డరు అని ప్లేబ్యాక్ సెట్టింగుల్లో ఒక గడి ఉంది. అందులో తెలుగు ఫాంటు పెట్టిన ఫోల్డరు పేరు ఇస్తే బాగవుతుంది, మొత్తం ఫాంట్లు 20 మెగాబైట్లకు మించకూడదు. ఈ గడి ఉందని ఎంతమందికి తెలుసు? తెలియనివాడు 'తెలుగు రాదు' అనుకుని వదిలేస్తాడు, ఎక్కడా ఫిర్యాదు చేయడు, డెవలపరు దృష్టిలో అసలు సమస్యే లేదు.

కాబట్టి ఓట్లు లెక్క కాదన్న మాట నాకు అర్థమవుతుంది. కానీ ఓటూ లేక, రాసి పంపే ప్యాచీ (దిద్దుబాటు కోడు) లేక, ఇంగ్లీషులో ఫిర్యాదు రాసే అలవాటూ లేక ఉన్న కోట్లమంది లెక్కలోకి ఎలా వస్తారో ఇక్కడ ఎవరూ చెప్పలేదు.

నెల్లూరు_నుంచి

ఒత్తులు_దీర్ఘాలు గారి ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు డబ్బు. హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ అమెరికాలోనూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలలో ఉన్న తెలుగువారికి కొదవ లేదు. తలా కొంచెం వేసుకుని, ఫలానా ఫీచరుకు ఫలానా మొత్తం అని బహుమతి ప్రకటిస్తే ఎవరో ఒకరు చేయరా? ఓటుకు విలువ లేదంటే సరే, డబ్బుకైనా ఉంటుంది కదా.

సీ_భాషి

ఉంటుంది, కానీ మీరు చెప్పిన పద్ధతిలో తక్కువ. బహుమతి ఇచ్చేది రాసినందుకు. అసలు ఖర్చు రాసిన తరువాత మొదలవుతుంది. బయటివారు వచ్చి రెండు వేల పంక్తులు రాసి, డబ్బు తీసుకుని వెళ్లిపోతే, వచ్చే పదేళ్లు దాన్ని కొత్త ఆపరేటింగ్ సిస్టములకు, కొత్త కోడెక్‌లకు (వీడియోను కుదించే పద్ధతులకు) సరిచేస్తూ మోయవలసినవారు అక్కడే ఉన్న నలుగురైదుగురు. బయటివారి కోడును కలుపుకోమనే మెర్జ్ రిక్వెస్టు వచ్చినప్పుడు నిర్వాహకులు మొదట చూసేది 'ఇది బాగుందా?' అని కాదు, 'ఇది రాసినవారు వచ్చే ఏడాది ఇక్కడ ఉంటారా?' అని. ఇంటికి కుక్కపిల్లను బహుమతిగా తెచ్చిన బంధువును చూసినట్టు చూస్తారు: ముద్దుగానే ఉంది, రేపటి నుంచి తిండి పెట్టేది ఎవరు?

అదే డబ్బు వేరే రూపంలో పనిచేస్తుంది. కేడెన్‌లైవ్ వీడియో ఎడిటరు బృందం 2022లో విరాళాలు సేకరించింది. ఒక్కో ఫీచరుకు ధర కట్టలేదు, తమ ప్రోగ్రామర్లు ఎక్కువ సమయం కేటాయించడానికి అడిగారు. 2023లో 23.04 సంచికతో ఒక టైమ్‌లైను లోపల మరొకటి పెట్టుకునే సౌకర్యం వచ్చింది. వీడియోనూ శబ్దాన్నీ విప్పే, మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు 2024లో జర్మనీ ప్రభుత్వ నిధి నుంచి సహాయం అందింది, అదీ నిర్వహణ పనులకే. 2000లో ఫాబ్రిస్ బెలార్డ్ మొదలుపెట్టిన ఆ లైబ్రరీ మీద ఆధారపడని వీడియో సేవ ఇవాళ వెతికినా దొరకడం కష్టం. అయినా దాన్ని నిలబెడుతున్నవారిలో ఎక్కువమంది స్వచ్ఛందంగా చేసేవారే.

డబ్బు ప్రాధాన్యాలను ఎటు వంచుతుందో కూడా చూసుకోవాలి. 2025లో గూగుల్ కృత్రిమ మేధ పరికరం ఒకటి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో భద్రతా లోపాలు వెతికి పట్టుకుంది. వాటిలో ఒకటి 1990లలోని లూకాస్ ఆర్ట్స్ కంప్యూటరు ఆటల కోసం వాడిన కోడెక్‌లో ఉంది. లోపం నిజమే, దిద్దారు కూడా. కానీ యంత్రంతో లోపాలు వెతికించగల సంస్థ వాటితోపాటు దిద్దుబాటు ప్యాచీనో డబ్బునో ఎందుకు పంపకూడదని డెవలపర్లు బహిరంగంగానే నిలదీశారు. అభినయ గారి కోరిక వరుసలో ఎక్కడుందో తెలియాలంటే, ఆమె ముందు నిలబడినవారు ఇలా ఎవరెవరో తెలియాలి: భద్రతా నివేదికలు, కొత్త విండోస్, కొత్త ఫోన్లు, లైసెన్సులు. మన దేశంలో 2022లో వీఎల్‌సీని తయారుచేసే వీడియోల్యాన్ సంస్థ వెబ్‌సైటు కొన్ని నెలలు తెరుచుకోలేదు. ఆ సంస్థ ఇంటర్నెట్ హక్కుల కోసం పనిచేసే ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ సహాయంతో అక్టోబరులో లీగల్ నోటీసు పంపిన తరువాత నవంబరులో తెరుచుకుంది. ఒక చిన్న లాభాపేక్ష లేని సంస్థకు అదీ పనే, అదీ సమయమే.

నెల్లూరు_నుంచి

కుక్కపిల్ల ఉపమానం బాగుంది గానీ, ప్రకటనలు కలపమని కోట్ల యూరోలు ఇవ్వజూపితే వీడియోల్యాన్ అధ్యక్షుడు జాన్ బాప్టిస్ట్ కెంఫ్ కాదన్నారని అందరూ మెచ్చుకుంటారు. నేనూ మెచ్చుకుంటాను. ఆ డబ్బులో పదో వంతు ఏ మచ్చా లేని దారిలో తెచ్చుకుని ఉంటే 4.0 ఇంత ఆలస్యమయ్యేది కాదేమో అని కూడా అనుకుంటాను. 2025 జనవరిలో లాస్ వెగాస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో ఆరు వందల కోట్ల డౌన్‌లోడ్లు దాటామని ప్రకటిస్తూ, కృత్రిమ మేధతో కంప్యూటరులోనే ఉపశీర్షికలు తయారు చేసి చూపారు. వెనకటి ఫ్రేముకు పోలేని ప్లేయరు అనువాదం చేయబోతోందంటే అడిగినవారికి కాస్త గుచ్చుకోదా?

ఒత్తులు_దీర్ఘాలు

నాకు గుచ్చుకోలేదు, నిజానికి ఆశ కలిగింది. అది తెలుగు మాటను తెలుగు లిపిలో సరిగా రాయగలిగితే చెవులు సరిగా వినిపించని మా పెద్దల తరానికి వెనకటి ఫ్రేము కంటే ఎంతో ఎక్కువ. ఒకరికి గారడీగా కనిపించేది మరొకరికి ఎన్నాళ్లుగానో ఉన్న అవసరం. ఈ రెండింటిలో ఏది ముందని మనిద్దరమే ఒప్పందానికి రాలేకపోతున్నాము.

అభినయ

అందరికీ ధన్యవాదాలు. ఎంపీవీ వేసుకుని కామా మీటతో చూశాను. ఫోనుతో తీసిన వీడియోలు హాయిగా వెనక్కి నడుస్తున్నాయి. వేదిక మీద కెమెరాతో తీయించి, ఎడిటింగు చేయించి తెచ్చినవి మాత్రం మీట నొక్కిన ప్రతిసారీ ఆగి ఆగి కదులుతున్నాయి. రెండూ 1080 వీడియోలే కదా, తేడా ఎందుకు? దీనికి నా వైపు నుంచి చేసుకోగలిగేది ఏమైనా ఉందా?

సీ_భాషి

ఫోన్లు సాధారణంగా సెకనుకు ఒకటి చొప్పున కీఫ్రేము పెడతాయి, కాబట్టి వెనక్కి రావడానికి విప్పవలసినవి ముప్ఫైకి మించవు. ఎడిటింగు తరువాత బయటికి తీసిన ఫైలులో ఆ దూరం చాలా పెరిగి ఉంటుంది. ఎడిటరు దగ్గరే 'కీఫ్రేముల మధ్య దూరం' అన్న అంకెను తగ్గించి ఫైలు ఇమ్మని అడగండి. 10 పెడితే చాలు, మీకు తేడా తెలుస్తుంది. 1 పెడితే ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మే అవుతుంది, ఫైలు బాగా పెరుగుతుంది. పాఠానికి అవసరమైన రెండు మూడు నిమిషాల ముక్కలకు మాత్రమే అలా చేయించుకుంటే డిస్కు నిండదు.

ఫిర్యాదో కోరికో రాసేటప్పుడు కూడా ఈ వివరమే రాయండి. 'వెనకటి ఫ్రేము కావాలి' అన్న వాక్యం వాళ్ల దగ్గర ఇప్పటికే గుట్టలుగా ఉంది. 'కీఫ్రేముల దూరం 250 ఉన్న ఈ పది సెకన్ల ఫైలులో, ఈ చోట, ఇన్ని మిల్లీసెకన్ల ఆలస్యం వచ్చినా నాకు ఫరవాలేదు, తప్పు ఫ్రేము మాత్రం రాకూడదు' అన్న వాక్యం ఎవరూ రాసి ఉండరు. నెమ్మదితనాన్ని భరించగల వాడుకరి ఉన్నారని తెలిస్తే నిర్ణయం మారే అవకాశం ఉంది.

పాతటేపు

ఆ సలహా ఆడాసిటీకీ వర్తిస్తుంది. రొద తగ్గించే ఎఫెక్టు గురించి నేను కోరిక రాయబోతున్నాను. ముప్ఫై సెకన్ల క్యాసెట్టు ముక్క జతచేయాలంటే హక్కుల ఇబ్బంది లేనిది కావాలి, కాబట్టి మా ఇంట్లోనే ఖాళీ టేపు మీద నా గొంతు రికార్డు చేసి పంపుతాను.

ఒత్తులు_దీర్ఘాలు

అలాగే తెలుగు ఉపశీర్షికల పరీక్షకు ఒక చిన్న ఎస్ఆర్‌టీ ఫైలు తయారు చేశాను. స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, వాఙ్మయం, కర్తృత్వం వంటి కఠినమైన ఒత్తులు, పొడవాటి వాక్యాలు, తెలుగు మధ్యలో అంకెలు ఉన్నాయి. యూనికోడు పద్ధతి అయిన యూటీఎఫ్-8లో దాచాను. నోట్‌ప్యాడ్‌లో తెరిచి పాత పద్ధతి అయిన ఆన్సీగా దాస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది, ప్లేయరు తప్పు కాదు, దయచేసి దాన్ని బగ్‌గా రాయకండి. వీఎల్‌సీ 4.0 రోజువారీ పరీక్షా సంచికలు (బిల్డులు) దించుకోగలవారు ఇద్దరు ముగ్గురు కావాలి, ఒకరు విండోస్, ఒకరు మ్యాక్, ఒకరు ఆండ్రాయిడ్ అయితే మేలు. ఏ ఫాంటుతో, ఏ బిల్డులో, ఏ పదం ఎలా కనిపించిందో తెరచిత్రంతో ఇక్కడ పెట్టండి. ఇంగ్లీషులో ఫిర్యాదు రాసి ఫిర్యాదుల పట్టికలో (ట్రాకరులో) నమోదు చేసే పని నేను చూసుకుంటాను.

ఇంటి_సర్వర్

ఆండ్రాయిడ్ నాకు వదిలేయండి. టీవీ పెట్టె మీద కూడా చూస్తాను, డబ్బాలు ఎక్కువగా కనిపించేది అక్కడే.